మితం, వేళ, పంపకం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత మతసంప్రదాయాలలో అతిభోజన విచారం

ఉపోద్ఘాతం

అతిభోజనాన్ని గురించి, శరీర స్థౌల్యాన్ని గురించి మతసంప్రదాయాలు ఏమి చెప్పాయన్న ప్రశ్న నేడు ఎక్కువగా వైద్యుల నోట, ఉపన్యాసకుల నోట వినిపిస్తున్నది. చరిత్ర పరిశోధనలో దానికి తగిన చోటు ఇంకా దక్కలేదు. కరువులను, ఆకలిని, పన్నులను, తిరుగుబాట్లను గురించి విస్తారంగా రాసిన ప్రాంతీయ చరిత్ర, తిండి ఎక్కువైనప్పటి ఆలోచనను పెద్దగా పట్టించుకోలేదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం ఈ పరిశీలనకు అనువైన క్షేత్రం. మూసీ, కృష్ణా నదుల నడుమ, వాటి పరిసరాలలో బౌద్ధం, జైనం, శైవం, వైష్ణవం, ఇస్లాం, క్రైస్తవం వేర్వేరు కాలాలలో నెలకొన్నాయి. ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో ఈ నేల మెట్టపంటల నుంచి వరి మాగాణిగా మారింది. కొరత కాలంలో ఏర్పడిన ఆహార నియమం సమృద్ధి కాలంలో ఏమవుతుందో ఇక్కడ దగ్గరగా చూడవచ్చు.

ఈ వ్యాసం ప్రతిపాదన ఇది. ఈ ప్రాంతంలో నిలిచిన మతసంప్రదాయాలేవీ శరీరపు బరువును తూచలేదు. అవి భోజనానికి మూడు హద్దులు పెట్టాయి: ఎంత తినాలి అన్న మితం, ఎప్పుడు తినాలి అన్న వేళ, ఎవరితో పంచుకొని తినాలి అన్న పంపకం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి సడలినా మిగిలినవాటి అర్థం మారిపోతుంది. గడచిన అరవై ఏళ్లలో జరిగింది అదే.

ఫణిగిరి: వేళ, మితం

సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఫణిగిరి బౌద్ధక్షేత్రం క్రీస్తు శకారంభ శతాబ్దాలలో వర్ధిల్లింది. అక్కడ దొరికిన ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరపు స్తంభ శాసనం ఒక రాజవైద్యుడు ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించినట్లు చెబుతుంది. శాసనం అతణ్ని అగ్రభిషజుడిగా, అంటే ప్రధాన వైద్యునిగా పేర్కొన్నది. వైద్యవృత్తిలో ఉన్నవాడు బౌద్ధసంఘానికి దాత కావడం ఈ ప్రాంతంలో దేహసంరక్షణకూ ధర్మాచరణకూ ఉన్న చుట్టరికానికి తొలి సాక్ష్యాలలో ఒకటి.

భిక్షువుల ఆహారాన్ని వినయపిటకం గడియలతో కట్టడి చేసింది. మధ్యాహ్నం దాటిన తర్వాత ఘనాహారం తీసుకోకూడదు. అయితే మహావగ్గంలోని భేషజ్జ ఖంధకం నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం అనే ఐదింటిని ఔషధాలుగా అనుమతించింది. వాటిని ఏడు రోజులకు మించి నిలవ ఉంచుకోరాదని నియమం పెట్టింది. పోషక పదార్థాలనే ఒక సందర్భంలో ఆహారంగా నిషేధించి, మరొక సందర్భంలో మందుగా అంగీకరించడం గమనించదగినది. నియమం రోగిని విస్మరించలేదు. నిలవకు పెట్టిన గడువు మందు పేరిట రుచి పెరగకుండా కాపు కాసింది.

గృహస్థులకు చెప్పిన మాట వేరు. సంయుత్త నికాయంలోని దోణపాక సుత్తం కోసలరాజు ప్రసేనజిత్తు కథను చెబుతుంది. ద్రోణ పరిమాణం గల అన్నం తిని, భుక్తాయాసంతో రొప్పుతూ అతడు బుద్ధుని దర్శనానికి వచ్చాడు. తిండిలో మితం ఎరిగినవానికి బాధలు తగ్గుతాయనీ, ముసలితనం మెల్లగా వస్తుందనీ, ఆయువు నిలుస్తుందనీ బుద్ధుడు ఒక గాథ చెప్పాడు. రాజు సుదర్శనుడనే యువకుణ్ని ఆ గాథ నేర్చుకొమ్మని, ప్రతి భోజనవేళా వినిపించమని నియమించాడు. క్రమంగా అతని ఆహారం నాళి పరిమాణానికి దిగింది, దేహం తేలికయింది. ఇందులో బుద్ధుడు రాజు దేహాకారాన్ని నిందించలేదు, ఉపవాసం విధించలేదు. భోజనం జరిగే చోటనే గుర్తుచేసే ఒక మనిషిని పెట్టడానికి అవకాశం కల్పించాడు. ఈ పద్ధతిలో మితం ఒక్కనాటి సంకల్పంగా కాక రోజువారీ అభ్యాసంగా కనిపిస్తుంది.

పూర్వపు నల్లగొండ జిల్లాలోనిదే అయిన కొలనుపాక ప్రసిద్ధ జైనక్షేత్రం. జైనులు మితాన్ని మరింత స్పష్టంగా తపస్సుల జాబితాలో చేర్చారు. తత్త్వార్థసూత్రం చెప్పిన ఆరు బాహ్య తపస్సులలో ఉపవాసం మొదటిది, అవమౌదర్యం రెండవది. దానినే ఊనోదరి అంటారు. ఆకలి పూర్తిగా తీరకముందే విస్తరి ముందు నుంచి లేవడం దాని లక్షణం. పూర్తిగా మానడాన్నీ తక్కువ తినడాన్నీ రెండు వేర్వేరు సాధనలుగా గుర్తించడం జైన ఆలోచనలోని సూక్ష్మత. మానడానికి గడువు ఉంటుంది, తగ్గించుకోవడానికి గడువు ఉండదు. ఆ కారణంగా రెండోది ఒక్కరోజు పట్టుదలతో నెరవేరేది కాదు.

పిల్లలమర్రి, పెద్దగట్టు: నివేదించిన అన్నం

సూర్యాపేటకు సమీపంలోని పిల్లలమర్రి శివాలయాలు కాకతీయ సామంతులైన రేచర్ల రెడ్ల కాలానివి. అక్కడి శాసనాలలో 1195 నాటిదీ, గణపతిదేవుని కాలంలో 1208 నాటిదీ ప్రసిద్ధాలు. ఆ కాలపు ఆలయ వ్యవస్థలో అంగరంగభోగాలకు, నైవేద్యానికి మాన్యాలు ఇవ్వడం సాధారణం. చెరువు కింద పండిన ధాన్యం దేవుని వంటశాలకు చేరి, నివేదన అయిన తర్వాత ప్రసాదంగా పంపకమయ్యేది. ప్రసాదాన్ని అరచేతిలో పట్టేంతగా స్వీకరించడం నేటికీ ఆచారం. ఆహారం ఎంత సమృద్ధిగా వండినా వ్యక్తి చేతికి అందేది పిడికెడే. వంటశాలలోని సమృద్ధినీ చేతిలోని మితాన్నీ కలిపిన సూత్రం పంపకం.

వీరశైవంలో ఈ భావన మరింత గట్టిపడింది. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో జంగములకు అన్నం పెట్టడం భక్తికి పరీక్షగా నిలుస్తుంది. భక్తుని గొప్పతనాన్ని అతడు పెట్టిన తిండితో కొలవడం అక్కడి రీతి. ఈ విలువ విందుకు గౌరవం తెచ్చింది. విందు పెట్టేవాని ఔదార్యం కీర్తి పొందుతున్నకొద్దీ తినేవాని మితం గురించిన మాట వెనక్కి తగ్గే అవకాశమూ అందులో ఉన్నది.

సూర్యాపేట పక్కనున్న దురాజ్‌పల్లి గుట్టమీద రెండేళ్లకొకసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతరలో ఇదే సూత్రం మరో రూపంలో కనిపిస్తుంది. లింగమంతుల స్వామికి శాకాహార నైవేద్యం, చౌడమ్మకు వేటమాంసం అన్న విభజన అక్కడి ఆచారం. యాదవులు ప్రధానంగా జరిపే ఈ జాతరలో మాంసాహారం నిత్యభోజనంగా కాక మొక్కుగా, బంధుమిత్రులతో పంచుకునే విందుగా ఉంటుంది. గొర్రెల మందే ఆస్తిగా బతికిన సమాజంలో మాంసపు విందు వెనుక రెండేళ్ల నిరీక్షణ ఉన్నది. విందుకు విందుకు మధ్య దూరమే దానికి హద్దు.

వాడపల్లి నుంచి వినాయకచవితి దాకా: బొజ్జ, పరిహాసం

మూసీ కృష్ణలో కలిసేచోట, మిర్యాలగూడకు సమీపంలోని వాడపల్లిలో మీనాక్షీ అగస్త్యేశ్వరాలయం ఉన్నది. అగస్త్యుని పేరు తెలుగు ఇళ్లలో జీర్ణశక్తికి పర్యాయం. మహాభారత అరణ్యపర్వంలోని ఇల్వల వాతాపుల కథలో మేకపోతు మాంసంగా కడుపులోకి వెళ్లిన రాక్షసుణ్ని ఆ ముని అరిగించుకున్నాడు. పసిపిల్లలకు పాలు పట్టి, పొట్ట నిమురుతూ తల్లులు ఆ పేరు తలచుకోవడం ఈ కథకు ఇంటింటా నిలిచిన రూపం. అరగడం ఇక్కడ ఆశీస్సుగా మారింది. తిండి దొరకడం ఎంత భాగ్యమో, తిన్నది ఒంటబట్టడం అంతే భాగ్యమన్న ఎరుక ఇందులో ఉన్నది.

ఈ ప్రాంతపు ప్రతి ఊరిలో ఏటా భాద్రపద శుద్ధ చవితినాడు చదివే వినాయక వ్రతకథ ప్రస్తుత చర్చకు మరింత కీలకం. భక్తులు పెట్టిన కుడుములు, ఉండ్రాళ్లు కడుపునిండా ఆరగించిన వినాయకుడు తల్లిదండ్రులకు సాష్టాంగపడబోతే బొజ్జ అడ్డుపడింది. శివుని తలమీది చంద్రుడు నవ్వాడు. ఆ చూపు తగిలి వినాయకుని ఉదరం పగిలింది. పార్వతి శాపం పెట్టింది నవ్విన చంద్రునికి. అతిగా తినడంవల్ల కలిగిన అసౌకర్యాన్ని కథ దాచలేదు. వంగలేకపోవడం, ఆయాసపడటం అందులో స్పష్టంగా ఉన్నాయి. కాని దోషాన్ని ఆపాదించింది భోక్తకు కాదు, అతని దేహాన్ని పరిహసించినవానికి. లోకానికి కీడు వచ్చింది చంద్రుణ్ని చూడటంవల్ల అని కథ ముగుస్తుంది. సంతానమిచ్చిన ప్రేమతో తల్లి పలికిన ఆ శాపంలో దేహనిందకు వ్యతిరేకంగా తెలుగు ఇళ్లలో ప్రతి ఏడూ వినిపించే తీర్పు ఉన్నది.

వైద్యశాస్త్రపు భాష ఇంత ఉదారంగా లేదు. చరకసంహిత సూత్రస్థానంలోని 21వ అధ్యాయం అతిస్థూలుణ్ని, అతికృశుణ్ని మరి ఆరుగురితో కలిపి నిందితుల పట్టీలో చేర్చింది. ఆయుక్షీణత, దౌర్బల్యం, అతిగా చెమట పట్టడం, అధికమైన ఆకలిదప్పులు మొదలైనవి స్థౌల్యపు దోషాలని చెప్పింది. అయితే కారణాలను లెక్కించేటప్పుడు అదే గ్రంథం అతిభోజనం, వ్యాయామం లేకపోవడం, పగటినిద్ర వంటివాటితోపాటు బీజస్వభావాన్ని కూడా పేర్కొన్నది. దేహాకారానికి తిండి ఒక్కటే కారణం కాదన్న గుర్తింపు అక్కడ ఉన్నది. అష్టాంగహృదయం కడుపులో సగం అన్నానికి, పాతిక పానీయానికి, మిగిలిన పాతిక వాయుసంచారానికి విడిచిపెట్టమన్నది. ఈ భాగహారం మతసంప్రదాయాల మితభావనకు వైద్యం అందించిన కొలమానం.

జాన్‌పహాడ్: మూడోవంతు

పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సుకు ముస్లిములతో సమానంగా హిందువులూ వస్తారు. మొక్కు తీరినవారు కందూరు చేసి, బంధువులకు, వచ్చినవారికి వడ్డిస్తారు. పెద్దగట్టు జాతరలో మాదిరిగానే ఇక్కడి మాంసపు విందుకూ మొక్కే ప్రాతిపదిక, పంపకమే పూర్తి.

ఇస్లాం గ్రంథపరంపరలో మితానికి స్పష్టమైన ఆదేశాలు ఉన్నాయి. తినమని, తాగమని, హద్దు మీరవద్దని ఖుర్ఆన్ ఏడవ అధ్యాయం 31వ వాక్యం చెబుతుంది. హద్దు మీరడానికి వాడే ఇస్రాఫ్ అన్న పదంలో దుబారా అన్న అర్థమూ ఉన్నది. ఎక్కువ తినడమూ పారవేయడమూ ఆ పదం కిందికి వస్తాయి. తిర్మిజీ, ఇబ్నె మాజా సంకలనాలలోని ఒక హదీసు కడుపులో మూడోవంతు అన్నానికి, మూడోవంతు నీటికి, మూడోవంతు శ్వాసకు అని పంచుతుంది. అష్టాంగహృదయపు విభజనతో దీనికి ఉన్న పోలిక విశేషమైనది. భాగాలు వేరైనా, రెండింటిలోనూ గాలికి చోటు విడిచిపెట్టారు.

రంజాను ఉపవాసం వేళకు సంబంధించిన నియమం. రోగులకు, ప్రయాణికులకు ఖుర్ఆన్ రెండవ అధ్యాయం 185వ వాక్యం మినహాయింపు ఇచ్చింది. వదిలిన రోజులను తర్వాత పూర్తిచేసుకోవచ్చు. పండుగ నమాజుకు ముందే పేదలకు కొలిచి ఇవ్వవలసిన ఫిత్రా పంపకానికి సంబంధించిన నియమం. నెలంతా ఆకలిని తెలుసుకున్నవాడు పండుగనాడు ఎదుటివాని ఆకలిని కొలపాత్రతో తీర్చాలి. ఉపవాసమూ దానమూ ఒకే ఆచరణకు రెండు కొసలు.

నల్లగొండ మిషన్: ప్రేమవిందు

రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890లో నల్లగొండ కేంద్రంగా అమెరికన్ బాప్టిస్టు మిషన్ పని ప్రారంభించాడు. తర్వాతి కాలంలో సూర్యాపేట కూడా మిషన్ కేంద్రమైంది. కతోలిక సంఘానికి నల్లగొండ మేత్రాసనం 1976లో ఏర్పడింది.

తెలుగు బైబిలు తిండిబోతు అన్న ఇంటి మాటనే అతిభోజనానికి వాడింది. సామెతల గ్రంథంలో ఆ మాట తాగుబోతుతో జంటగా వస్తుంది, ఇద్దరి గతీ దారిద్ర్యమేనని హెచ్చరిస్తుంది. నాలుగో శతాబ్దపు సన్యాసి ఎవాగ్రియస్ మనసును చెరిచే ఎనిమిది తలపులలో తిండియావను మొదట నిలిపాడు. ఆ పట్టిక తర్వాత మారి, పాశ్చాత్య క్రైస్తవంలోని ఏడు మూలపాపాల జాబితా అయింది. పాపమన్న మాట ఇక్కడ అలవాటుకు తగిలింది, దేహాకారానికి తగలలేదు.

స్థానిక సంఘాలకు ఇంకా సన్నిహితమైనది పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయంలోని మందలింపు. ప్రభురాత్రి భోజనంలో ఒకడు ముందే తిని తాగి మత్తెక్కుతుంటే, మరొకడు ఆకలితో మిగిలిపోతున్నాడని పౌలు అభ్యంతరం. అక్కడ అతిభోజనం చేసినవాని కడుపుకంటే పక్కవాని ఖాళీ విస్తరి పెద్ద నేరం. ప్రేమవిందు పేరిట తెలుగు సంఘాలలో జరిగే సహపంక్తి భోజనం ఈ నేపథ్యంలో విలువైనది. ఊరి విందులో దూరంగా కూర్చోబెట్టిన కులాల నుంచి వచ్చిన విశ్వాసులకు ఒకే వరుసలో కూర్చొని తినడమే తొలి అనుభవం. వారికి మితం గురించిన ఉపదేశం కంటే సమత్వం గురించిన ఉపదేశం ముందు అవసరమైంది. నలభై రోజుల శ్రమకాలం, కతోలికుల తపస్సుకాలం వేళ నియమానికి చెందినవి. కతోలిక ధర్మశాస్త్రం ఉపవాస విధిని పద్దెనిమిదేళ్లు నిండినవారికే వర్తింపజేసి, అరవయ్యో ఏట అడుగిడినవారిని దాని నుంచి విడిపించింది.

కాలువ వచ్చిన తర్వాత

పైన చూసిన నియమాలన్నీ తిండి తక్కువగా దొరికిన సమాజంలో పనిచేశాయి. జొన్న గటక, అంబలి ఈ ప్రాంతపు సామాన్యుల నిత్యభోజనం. కృష్ణకు ఆవలి పలనాటి జొన్నకూటిని ఈసడిస్తూ శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు వరన్నానికి ఉన్న గౌరవాన్ని తెలుపుతాయి. నిజాం రాజ్యంలో రెండవ ప్రపంచయుద్ధ కాలపు లెవీ ధాన్యం వసూళ్లు, వెట్టిచాకిరీ, భూస్వామ్యం కలిసి సాయుధపోరాటానికి దారితీసినప్పుడు సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాలు దానికి ముఖ్య కేంద్రాలు. అటువంటి నేలలో ఒక్కపొద్దు పట్టడమంటే రోజూ ఉన్న లేమికి పవిత్రమైన అర్థం ఇవ్వడం కూడా. ఒక పూట తినేవాణ్ని యోగి అనీ, రెండు పూటలవాణ్ని భోగి అనీ, మూడు పూటలవాణ్ని రోగి అనీ లెక్కగట్టే సామెత పూటలను లెక్కించింది. బరువు దాని లెక్కలో లేదు.

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. లాల్‌బహదూర్ కాలువగా పిలిచే ఎడమకాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి మాగాణులయ్యాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణంగా ఎదిగింది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం మరపట్టిన తెల్లబియ్యాన్ని పేద ఇంటి పొయ్యిదాకా చేర్చింది. ఆకలి తగ్గడం చిన్న విషయం కాదు. ఒకప్పుడు పండుగనాడు మాత్రమే దొరికిన వరన్నం నిత్యభోజనమైంది, పొలంపనిలో యంత్రాలు వచ్చి శ్రమ తగ్గింది. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే హైదరాబాదు–విజయవాడ రహదారి వెంట హోటళ్లు వరుసకట్టాయి.

ఈ మార్పుతో నియమాల అర్థం మారింది. ఏకాదశినాడు, శనివారంనాడు అన్నం మానడం ఒకనాడు అరుదైన పదార్థాన్ని వదులుకోవడం. ఇప్పుడు అన్నం బదులు ఉప్మా, పూరీ, అరటిపళ్లు తినడం ఉపవాసంగా చెల్లుబాటవుతున్నది. మితం పోయి మార్పిడి మిగిలింది. రంజాను ఇఫ్తారు విషయంలోనూ ఈ ధోరణి కనిపిస్తుంది. పగటి నియమం చెక్కుచెదరకపోయినా, రాత్రి నూనె వంటకాలు, మిఠాయిలు ఎక్కువయ్యాయి. జాతర విందు, కందూరు, ప్రేమవిందు వాటి మధ్య ఉండే దూరాన్ని కోల్పోయాయి. వారానికొకసారి మాంసం దొరికే ఇంట్లో రెండేళ్లకొకసారి వచ్చే విందు నిరీక్షణ ఫలం కాదు. పంపకం మాత్రం అన్నదానాల రూపంలో పెరిగింది. కాని తినడానికి వచ్చేవారిలో అప్పటికే తిన్నవారు ఎక్కువైతే, పంపకమూ అతిభోజనానికి తోడ్పడుతుంది.

దీనికి భిన్నంగా కొన్ని ఆచారాలు పాత అర్థాన్ని నిలుపుకొన్నాయి. తొలి ఏకాదశినాడు తెలంగాణ ఇళ్లలో తినే పేలపిండి జొన్నపేలాలు, బెల్లం కలిసినది. వరికి ముందున్న తిండిని పండుగ పట్టి ఉంచింది. సద్దుల బతుకమ్మనాటి సత్తులు ఆ కోవలోవే. నలభైఒక్క రోజుల అయ్యప్ప దీక్షలో మధ్యాహ్న భిక్ష, రాత్రి అల్పాహారం అన్న నియమం ఫణిగిరి భిక్షువుల వేళానియమాన్ని గుర్తుచేస్తుంది. తేడా ఒక్కటే. భిక్షువు నియమం జీవితాంతం ఉండేది. దీక్ష నియమం మాల తీసిననాటితో ముగుస్తుంది.

నేటి చర్చ: పాపమా, వ్యాధా?

భారతీయ వైద్య పరిశోధనా మండలి సహకారంతో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం వయోజనులలో 11.4 శాతం మందికి మధుమేహం, 28.6 శాతం మందికి స్థౌల్యం ఉన్నట్లు తేల్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో స్త్రీలలోనూ పురుషులలోనూ ప్రతి పదిమందికీ సుమారు ముగ్గురు అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో స్త్రీలలో దాదాపు ఐదోవంతు మంది ఉండవలసినదానికంటే తక్కువ బరువున్నారు. కొరత తీరిందన్న మాట అందరికీ వర్తించదని ఈ రెండో అంకె హెచ్చరిస్తుంది. ఒకే రాష్ట్రంలో పక్కపక్కనే ఉన్న ఈ రెండు స్థితులు పౌలు కొరింథులో చూసిన విందును తలపిస్తాయి.

ఇటువంటి సమయంలో గుడిలో, మసీదులో, చర్చిలో ఆరోగ్యం గురించి మాట్లాడటం సహజమే, అవసరమే. అందులో ఒక ప్రమాదమూ ఉన్నది. అతిభోజనాన్ని దోషంగా చెప్పే పాతమాటను స్థూలదేహం మీదికి మళ్లిస్తే, రోగి నిందితుడవుతాడు. బీజస్వభావంవల్లనో, మందులవల్లనో, పేదరికంలో చవకగా దొరికే తెల్లబియ్యంవల్లనో బరువు పెరిగినవానికి పాపి అన్న ముద్ర పడుతుంది. ఇన్సులిన్ తీసుకుంటూ కూడా ఒక్కపొద్దు విడవలేనని పట్టుబట్టేవారికి మినహాయింపు తమ మతంలోనే ఉందన్న సంగతి చెప్పేవారు కావాలి. ఆ మినహాయింపులు ఔషధాలను అనుమతించిన వినయంలో, రోగిని మన్నించిన ఖుర్ఆన్‌లో, వయసు చూసిన కతోలిక ధర్మశాస్త్రంలో ముందునుంచే ఉన్నాయి.

ముగింపు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు మతచరిత్రలో అతిభోజన విచారం అనేక భాషలలో, అనేక కాలాలలో సాగింది. బౌద్ధం వేళను, జైనం మితాన్ని, శైవం పంపకాన్ని ముందుకు తెచ్చాయి. ఇస్లాం మూడింటికీ నియమాలు పెట్టింది. క్రైస్తవం పక్కవాని ఆకలిని కొలబద్ద చేసింది. కాలువనీటి తర్వాత వేళ దీక్షాదినాలకు పరిమితమైంది, మితం పదార్థాల మార్పిడిగా తగ్గింది, పంపకం ఒక్కటే పెరిగింది. సమతుల్యం చెడిన చోటు ఇదే. దాన్ని సరిదిద్దే సాధనం కోసం కొత్త సిద్ధాంతం వెతకనవసరం లేదు. భోజనవేళ రాజు పక్కన కూర్చొని గాథ వినిపించిన సుదర్శనుని ఓర్పు, బొజ్జను చూసి నవ్వినవానికి పడిన శాపం, ఈ రెండూ కలిసి ఒక మార్గాన్ని సూచిస్తాయి. మితాన్ని గుర్తుచేయడం సమాజపు బాధ్యత. దేహాన్ని చూసి నవ్వే అధికారం మాత్రం ఆ సమాజానికి లేదు.